కన్నీళ్ళు రాని ఉల్లిపాయలు

ఉల్లిపాయ లేని ఉప్మా తినడం కూడా ఒక తపస్సే. ఆ శనివారం పొద్దున రాజీవ్ ఆ తపస్సులో నాలుగో రోజున ఉన్నాడు.

కార్తీకమాసం మొదలైంది. రాజీవ్ తల్లి చాముండేశ్వరి గారు జూన్ నెలలో అమెరికాలో అరోరా వచ్చేటప్పుడు బట్టలతోపాటు పంచాంగాన్నీ, నియమాల్నీ కూడా జాగ్రత్తగా సర్దుకుని తెచ్చుకున్నారు. దేశం మారినంత మాత్రాన మాసం మారదని ఆవిడ సిద్ధాంతం. పాడ్యమి ముందురోజే వంటింట్లో సోదాలు జరిగాయి. ఫ్రిజ్‌లో ఉన్న అల్లంవెల్లుల్లి ముద్ద సీసా దగ్గర్నుంచి పదేళ్ళ మనవరాలు అనిక దాచుకున్న ఆనియన్ చిప్స్ దాకా అన్నీ పట్టుబడ్డాయి.

"ఇంకాస్త పెట్టనా నాన్నా?"

"వద్దమ్మా, చాలు."

"చిన్నప్పుడు ఉప్మా అంటే గిన్నె నాకేవాడివి కదరా."

"అది ఉల్లిపాయ వేసిన ఉప్మా అమ్మా. ఇది ఉప్మాకి దూరపు చుట్టం."

"నెల్లాళ్ళు నోరు కట్టుకుంటే అరిగిపోవులే," అని ఆవిడ మరో గరిటెడు వడ్డించేశారు.

రాజీవ్ భార్య శ్రీవిద్య మెట్లు దిగి వచ్చింది. పాత స్వెటర్ వేసుకుని, జుట్టు ముడేసుకుని, వర్షాకాలం బూట్లు తొడుక్కుంది. వారమంతా ఆఫీసులో డేటాతో కుస్తీ పట్టే మనిషి, ఈ శనివారం కోసం రెండు వారాలుగా ఎదురు చూస్తోంది.

"ఇప్పుడు మొదలుపెడితే చీకటిపడేలోపు నాటడం అయిపోతుంది. వచ్చేవారం నుంచి నేల గడ్డకడుతుందట. ఏవండీ, మీరూ ఓ చెయ్యి వేస్తారా?"

శ్రీవిద్యకి భర్తతో ఇద్దరే ఉన్నప్పుడు 'నువ్వు', అత్తగారు ఉన్నప్పుడు 'మీరు'. జూన్ నుంచీ ఇల్లంతా 'మీరు'తోనే నడుస్తోంది.

"నాకు పనుంది," అన్నాడు రాజీవ్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. శనివారం పొద్దున ఏం పని అని ఆమె అడగలేదు. ఆ మాట వెనక ఇంకో మాట ఉందని ఆమెకు తెలుసు. ఆ మాట ఆమె పదమూడేళ్ళుగా వింటోంది.

'ఉంటామో లేదో.'

పెళ్ళయి జెర్సీ సిటీలో కాపురం పెట్టిన కొత్తలో, గోడకి పెళ్ళి ఫోటో తగిలిద్దాం మేకు కొట్టమంటే రాజీవ్ మొదటిసారి ఆ మాట అన్నాడు. హెచ్ వన్ బీ వీసా, మూడేళ్ళకోసారి పొడిగింపు, గ్రీన్‌కార్డు క్యూలో ఎక్కడో తోక చివర. నిజమే కదా అనుకుంది ఆమె. ఆ తర్వాత సోఫా కొందామంటే ఆ మాటే, కర్టెన్లంటే ఆ మాటే, అనిక కుక్కపిల్లని అడిగితే ఆ మాటే. అద్దెలు కట్టీ కట్టీ విసిగి రెండేళ్ళ క్రితం అరోరాలో ఈ ఇల్లు కొన్నా, మాట మాత్రం మారలేదు. పెళ్ళి ఫోటో ఇప్పటికీ హాల్లో నేలమీద గోడకి చేరబడి నిలబడి ఉంది. బేస్‌మెంట్‌లో టీవీ అట్టపెట్టె, మిక్సీ అట్టపెట్టె, మైక్రోవేవ్ అట్టపెట్టె, లోపలి థర్మకోల్‌తో సహా పదిలంగా ఉన్నాయి. రేపు మళ్ళీ ప్యాక్ చెయ్యాల్సొస్తే? ఆ బేస్‌మెంట్ చూసినవాళ్ళెవరికైనా వీళ్ళు నిన్ననే దిగారా, రేపే వెళ్తున్నారా అని అనుమానం రాక మానదు.

సెప్టెంబర్‌లో ఒక రోజు నాలుగిళ్ళ అవతల ఉండే శశికళ వచ్చింది. తెలుగు సంఘం ఉగాది కార్యక్రమానికి పిల్లల డ్యాన్సులు చూసుకునేది ఆమే.

"అనికా, ఈసారి గ్రూప్ డ్యాన్స్‌ల ఉంటవా బేటా? పేరు రాసుకోవాల్నా?" అని అడిగింది.

అనిక ఐప్యాడ్‌లోంచి తల కూడా ఎత్తకుండా, తన అమెరికన్ యాసలో, "ఏప్రిలా? ఉంటామో లేదో, ఆంటీ," అంది.

శశికళ నవ్వేసింది. శ్రీవిద్యకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆ సాయంత్రమే ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని నూట ఇరవై డాఫొడిల్ పూలగడ్డలు ఆర్డర్ చేసింది.

ఆ గడ్డల కథ ఆమెకి ఆఫీసులో ఒక స్నేహితురాలు చెప్పింది. చెట్లు ఆకులు రాలుస్తుంటే అందరూ దిగులుపడే కాలంలో వీటిని నాటాలి. శీతాకాలమంతా మంచుకింద పడుకుంటాయి. ఆ చలి తగలకపోతే అసలు పూయవు. ఏప్రిల్లో ఇంకా పక్క చెట్లు కళ్ళు తెరవకముందే పచ్చగా విచ్చుకుంటాయి. ఒకసారి నాటితే ఏటా వస్తాయి. విషం కాబట్టి ఉడతలు కూడా ముట్టుకోవు. ఆరు నెలల తర్వాతి సంగతికి ఇవాళ గొయ్యి తవ్వడమే ఆమెకి కావలసింది.

కాఫీ తాగేసి శ్రీవిద్య గరాజ్‌లోకి వెళ్ళింది. రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చింది.

"అత్తయ్యా, గరాజ్‌లో అరమీద ఎర్ర నెట్ సంచి ఉండాలి, చూశారా?"

"ఆ ఉల్లిపాయల సంచా? ఇంట్లో ఉంచుకోకూడదని మంగళవారమే శశికళకి ఇచ్చేశానమ్మా. వాళ్ళకి ఈ పట్టింపులు లేవుగా. నేను చేత్తో కూడా ముట్టుకోలేదు, గొడుగు వంకీకి తగిలించుకుని తీసుకెళ్ళాను," అన్నారు చాముండేశ్వరి గారు, కాస్త గర్వంగానే.

శ్రీవిద్య ముఖంలో రక్తం ఇంకిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి చప్పున తెలిసింది. గడ్డలకి గాలి తగలాలి, పెట్టెలో ఉంచితే బూజు పడతాయి అని వాటితో వచ్చిన కాగితంలో రాసుంటే, ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన పాతిక పౌండ్ల ఉల్లిపాయల సంచి ఖాళీదుంటే దాన్లో పోసింది తనే. ఏ వస్తువూ పారెయ్యకుండా దాచి, ఒకదానిలో ఇంకొకటి పోసుకునే అలవాటు. పైన గోధుమరంగు పొట్టు, కింద మీసాల్లాంటి వేర్లు, సంచి మీద 'రెడ్ ఆనియన్స్' అని అక్షరాలు. ఇంకేం కావాలి?

"అవి ఉల్లిపాయలు కాదు అత్తయ్యా. పూలగడ్డలు. తింటే విషం!"

"శివశివా!" అని ఆవిడ గుండెమీద చెయ్యి వేసుకున్నారు.

శ్రీవిద్య ఫోన్ చేసింది. అవతల చిమ్నీ ఫ్యాన్ హోరు, మూకుట్లో నూనె చప్పుడు.

"శశీ, ఆ గడ్డలు వాడకు! వినపడుతోందా? గడ్డలు!"

"ఆఁ ఉల్లిగడ్డలా? మస్తుగున్నయ్, కోస్తున్న. ఇయ్యాల పదిమంది వస్తున్నరు, బిర్యానీ చేస్తున్న. మళ్ళ చేస్త ఆగు."

ఫోన్ పెట్టేసింది. గుంటూరులో ఉల్లిపాయ కరీంనగర్‌లో ఉల్లిగడ్డ అవుతుందన్న సంగతి శ్రీవిద్యకి ఎప్పట్నుంచో తెలుసు. దానివల్ల ఇంత ముప్పు వస్తుందని మాత్రం ఇవాళే తెలిసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. బూట్లతోనే పరుగెత్తింది. వాకిట్లో ఆకులు ఊడ్చుకుంటున్న పక్కింటాయన "గుడ్ మార్నింగ్" అంటే కూడా ఆగలేదు.

శశికళ వంటింట్లో కూరలు తరిగే పలక మీద గడ్డలు తెల్లగా, సన్నగా, గుట్టగా తరిగి ఉన్నాయి. మూకుడు పొగలు కక్కుతోంది. శశికళ ఒక దోసిలి ఎత్తి వెయ్యబోతోంది.

"వెయ్యకు!"

ఆ అరుపుకి శశికళ చేతిలోవి నేలపాలయ్యాయి.

"ఏందే, గట్ల ఉరికొచ్చినవ్?"

శ్రీవిద్య ముందు స్టవ్ ఆర్పేసింది. రొప్పుతూనే విషయం చెప్పింది. శశికళ పలక వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది.

"గిదా సంగతి! నేను అనుకుంటనే ఉన్న. తొమ్మిది గడ్డలు కోసిన, కంట్లకెల్లి ఒక్క చుక్క నీళ్ళు రాలే. గివేం ఉల్లిగడ్డలు, కన్నీళ్ళు రావు అనుకున్న. పైకెల్లి చేతులు చేమగడ్డ కోసినట్టు ఒక్కటే దురద."

"నోట్లో వేసుకున్నావా?"

"లే. మా ఆయన వచ్చిపోతా ఒక ముక్క నోట్లె ఏసుకోబోయిండు, చేతిమీద ఒక్కటిచ్చిన."

"బతికించావు తల్లీ."

ఇద్దరూ పలకా, కత్తీ, చేతులూ మూడేసిసార్లు కడిగారు. తరిగినవన్నీ చెత్తలో పోశారు. సగం భయంతో, సగం నవ్వుతో శశికళ ఆమెని గట్టిగా పట్టుకుంది. మిగిలిన నూట పదకొండు గడ్డల సంచీ భుజాన వేసుకుని శ్రీవిద్య ఇంటికి నడిచింది. ఆ నడకలో భయం తగ్గింది. దాని చోట ఎందుకో తెలియని అనుమానం ఒకటి మొదలైంది.

ఇంట్లో చాముండేశ్వరి గారు దేవుడి ముందు కూర్చుని లెంపలు వేసుకుంటున్నారు. కోడల్ని చూడగానే లేచారు.

"ఎవరికీ ఏం కాలేదు కదమ్మా?"

"ఏం కాలేదు అత్తయ్యా. సమయానికి వెళ్ళాను."

"నా చేత్తో ఎంత పాపం జరిగిపోయేది! కార్తీకంలో పుణ్యానికి పోతే..."

"పోన్లే అమ్మా, ఏం కాలేదుగా," అన్నాడు రాజీవ్. అతని ముఖం పాలిపోయి ఉంది. "విద్యా, ఇంత ప్రమాదం అంటే ఇంకెందుకవి? చెత్తలో పడేస్తే పీడా పోతుంది."

చాముండేశ్వరి గారు కొడుకు వైపు తిరిగారు. ఆవిడ మనసులో ఏ కల్మషం లేదు, ఉన్నమాటే అన్నారు. "అయినా నిన్ను అడిగే ఇచ్చాను కదరా. గరాజ్ దాకా తీసుకొచ్చి చూపించాను. 'ఈ ఉల్లిపాయలు శశికళకి ఇచ్చెయ్యనా నాన్నా' అంటే, నువ్వేగా 'ఇచ్చెయ్యమ్మా' అన్నావు?"

మెట్ల మీద అనిక వచ్చి కూర్చుంది.

శ్రీవిద్య సంచి నేలమీద పెట్టింది.

"నువ్వు చూశావా ఈ సంచిని?"

'నువ్వు' అని అత్తగారి ముందు అనడం అదే మొదటిసారి. ఆవిడ గమనించారు.

"చూశాను," అన్నాడు రాజీవ్.

"ఇవి గడ్డలని నీకు తెలుసు. నేను సంచిలో పోస్తుంటే పక్కనే ఉన్నావు."

"తెలుసు."

"తెలిసే ఇచ్చెయ్యమన్నావు."

"విషమని తెలీదు విద్యా, అనిక మీద ఒట్టు. శశికళ గారు చూడగానే ఉల్లిపాయలు కావని కనుక్కుంటారు, పారేస్తారు, అంతే అనుకున్నాను."

"పారేస్తారు. అంతే." శ్రీవిద్య గొంతు పెరగలేదు. పెరిగితే అతనికి తేలికయ్యేది. "నా మొహం మీద వద్దని అనొచ్చుగా? అత్తయ్య మడిని అడ్డం పెట్టుకున్నావా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. రాజీవ్ కుర్చీలో కూలబడ్డాడు. ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు.

"మంగళవారం పొద్దున లాయర్ మెయిల్ పెట్టాడు. వీసా పొడిగింపుకి ఆర్.ఎఫ్.ఈ. నోటీసు వచ్చింది. నా ఉద్యోగానికి నా చదువే ఎందుకు కావాలో మళ్ళీ మొదట్నుంచీ రుజువు చెయ్యమంటున్నారు. ఎనభై నాలుగు రోజుల టైమిచ్చారు. మా టీమ్‌లో వినీత్‌కి ఇలాగే వచ్చి, డినై అయింది. వాళ్ళు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం అమ్మ సంచి చూపించింది. ఆ క్షణంలో... నువ్వు వంగుని ఒక్కోటీ నాటడం, మళ్ళీ జనవరిలో అవన్నీ వదిలేసి మనం బయల్దేరడం, అదంతా కళ్ళకి కట్టింది. నాటకపోతే నీకు వదిలేసే బాధ ఉండదుగా అనుకున్నాను."

"మంగళవారం," అంది శ్రీవిద్య. "నాలుగు రోజులు ఒక్కడివే మోశావు."

"చెప్పి నిన్ను ఏడిపించడం ఎందుకని."

"నేను ఏడుస్తున్నానా?"

ఆమె ఏడవడం లేదు. ఆమె కళ్ళు పొడిగా, సూటిగా అతని మీదే ఉన్నాయి. రాజీవ్ చూపు దించుకున్నాడు.

"నేను ఈ గడ్డలు ఎందుకు తెప్పించానో నువ్వు ఒక్కసారీ అడగలేదు. అప్పుడెప్పుడో ఉగాది డ్యాన్స్‌కి పేరు రాసుకోనా అని శశి అడిగితే, మన పిల్ల ఏమందో తెలుసా? 'ఉంటామో లేదో ఆంటీ' అంది. అచ్చం నీలాగే. ఆ మొహంలో బాధ కూడా లేదు, అదేదో వాతావరణం చెప్పినట్టు చెప్పింది. రాజీవ్, అది ఇక్కడే పుట్టింది. ఈ ఇంట్లో వీసా అక్కర్లేని మనిషి అదొక్కతే. మరి దానికెక్కడ అంటుకుంది ఈ జబ్బు?"

రాజీవ్ మెట్ల వైపు చూశాడు. అనిక మోకాళ్ళు చుట్టుకుని కూర్చుని ఉంది.

"నాన్నా, ఆర్ వీ లీవింగ్? వెళ్తామా?" అంది నెమ్మదిగా.

రాజీవ్ భార్య వైపు చూశాడు.

"తెలీదమ్మా," అంది శ్రీవిద్య. "అమ్మకీ తెలీదు, నాన్నకీ తెలీదు. తెలిశాక నీకూ చెప్తాం. ఇవాళ మాత్రం గడ్డలు నాటుతాం." తర్వాత భర్త వైపు తిరిగింది. "లాయర్‌కి కావలసిన కాగితాలు రేపు ఇద్దరం కూర్చుని సర్దుదాం, ఎనభై నాలుగు రోజులూ సర్దుదాం. కానీ ఇవి ఇవాళ నాటాలి. జనవరిలో పొమ్మన్నా నాటుతాను. రేపు పొద్దున్నే పొమ్మన్నా, ఈ సాయంత్రం నాటే వెళ్తాను."

"పెట్టి వదిలేసి పోవడం ఎలా ఉంటుందో నీకు తెలీదు విద్యా!" రాజీవ్ గొంతు హఠాత్తుగా పగిలింది. అందరికంటే ఎక్కువ అతనే ఉలిక్కిపడ్డాడు.

చాముండేశ్వరి గారు వచ్చి కొడుకు పక్కన కూర్చున్నారు.

"పాలకొండ జామమొక్క సంగతేనా?" అన్నారు.

రాజీవ్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"వీడికి తొమ్మిదేళ్ళమ్మా," అన్నారావిడ కోడలితో. "మీ మామగారిది బ్యాంకు ఉద్యోగం. మూడేళ్ళకో ఊరు. పాలకొండలో పెరట్లో జామమొక్క పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసేవాడు. వీడి నడుము దాకా వచ్చేసరికి ట్రాన్స్‌ఫర్. లారీ ఎక్కనంటాడు. మొక్కని పట్టుకుని ఒకటే ఏడుపు. మీ మామగారు, 'నేను ముందే చెప్పలేదా, ఉంటామో లేదో, ఇవన్నీ ఎందుకని' అన్నారు. ఆ మాట ఆయనదే. ఆయనా పోయారు, మాట మాత్రం వీడికి ఆస్తిలా ఇచ్చి పోయారు."

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఎందుకా? సగమే గుర్తుంది కాబట్టి. లారీలో ఏడ్చింది గుర్తుంది. మదనపల్లెలో లారీ దిగాక ఏమైందిరా?"

రాజీవ్ తల అడ్డంగా ఊపాడు.

"అక్కడ పెరట్లో గోడంత జామచెట్టు. కొమ్మకొమ్మకీ కాయలు. బోల్డంత ఏడుపు ఏడ్చినవాడివి, మొహమైనా కడుక్కోకుండా చెట్టెక్కేశావు. అన్నానికి పిలిస్తే దిగలేదు. మూడేళ్ళు ఆ చెట్టు మీదే బతికావు." ఆవిడ కొడుకు మోకాలి మీద చెయ్యి వేశారు. "పాలకొండలో నువ్వు పెట్టిన చెట్టు కాయలు ఎవరు తిన్నారో నాకు తెలీదు నాన్నా. మరి మదనపల్లెలో నువ్వు తిన్న కాయల చెట్టు ఎవరు పెట్టారో నీకు తెలుసా?"

రాజీవ్ కళ్ళెత్తి తల్లిని చూశాడు.

"నేను పదకొండు ఇళ్ళు మారాను. ప్రతి ఇంట్లో దిగగానే పెరట్లోకి వెళ్ళి చూసేదాన్ని. ఒకచోట కరివేపాకు, ఒకచోట ములగ, ఒకచోట సన్నజాజి పందిరి. ఎవరో ఒక మహాతల్లి పెట్టి వెళ్ళిపోయేది. ఆవిడా ట్రాన్స్‌ఫర్ మనిషే. 'ఉంటామో లేదో' అని ఆవిడ కూడా అనుకుంటే మనం కూరలో ఏం వేసుకుందుము? అందుకే మీ నాన్న ఆ మాట అన్నప్పుడల్లా 'అలాగేనండీ' అనేదాన్ని, వెనకనుంచి వెళ్ళి ఏదో ఒకటి పాతేదాన్ని. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన మాట విననిది అదొక్కటే."

శ్రీవిద్య అత్తగారి వైపు కొత్తగా చూసింది. ఉల్లిపాయల మీద యుద్ధం ప్రకటించిన మనిషేనా ఈవిడ అనిపించింది.

"నేను డిసెంబర్‌లో వెళ్ళిపోతున్నాను. ఏప్రిల్లో ఈ పూలు నేనెలాగూ చూడను. అయినా ఓ పది నా చేత్తో పెడతాను. ఇవి ఉల్లిపాయలు కాదుగా, ముట్టుకోవచ్చు," అని ఆవిడ పైట చెంగు దోపుకుని లేచారు.

రాజీవ్ కూడా లేచాడు. వాళ్ళతో బయటికి రాలేదు. బేస్‌మెంట్ తలుపు తీసుకుని కిందికి వెళ్ళిపోయాడు. శ్రీవిద్య ఆ తలుపు వంక ఒక్క క్షణం చూసి, కొత్తగా కొన్న పార తీసుకుంది. అతను వస్తే నలుగురు, రాకపోతే ముగ్గురు. ఎన్ని గంటలు పట్టినా నూట పదకొండూ నేలలోకి వెళ్ళాల్సిందే.

ఇంటి ముందు కిటికీ కింద నల్లటి మట్టి తడితడిగా, చల్లగా ఉంది. మేపుల్ చెట్టు ఆకులు సగం రాల్చేసింది. శ్రీవిద్య పార దింపింది. జానెడుకి కాస్త తక్కువ లోతు. అనిక గడ్డ పెట్టింది, మొన పైకి, వేర్లు కిందికి. చాముండేశ్వరి గారు మట్టి కప్పి, అలవాటు కొద్దీ దణ్ణం పెట్టుకున్నారు. ఒకటి. రెండు. మూడు. మోకాళ్ళ మీద కూర్చుంటే చలి బట్టల్లోంచి ఎముకల దాకా వస్తోంది. నేల తవ్వితే వేర్లు, రాళ్ళు. పదిహేను నాటేసరికి శ్రీవిద్య అరచేతిలో బొబ్బ లేచింది. చెయ్యి మార్చుకుని మళ్ళీ తవ్వింది.

ఇంట్లోంచి ఏదో పరపరా చింపుతున్న చప్పుడు వచ్చింది. తర్వాత గరాజ్ తలుపు పైకి లేచింది.

రాజీవ్ వచ్చాడు. చంకలో పెద్ద అట్టముక్కలు మూడు, నాలుగు. అంచులు కత్తితో కోసి, మడతలు విప్పినవి. ఒకదాని మీద అరవై అయిదు అంగుళాల టీవీ బొమ్మ ఉంది.

రెండేళ్ళుగా టేపు కూడా చెదరకుండా కాపాడిన పెట్టె అది.

"నేల చల్లగా ఉంది," అన్నాడు, ఎవరి వంకా సూటిగా చూడకుండా. "మోకాళ్ళ కింద వేసుకోండి." ముందు తల్లికి ఒకటి పరిచాడు. కూతురికి ఒకటి. తర్వాత భార్య ముందు వంగి, ఆమె మోకాళ్ళ దగ్గర టీవీ బొమ్మ ఉన్న అట్ట సర్దాడు. "కాస్త పైకి లే, కిందికి తోస్తాను."

శ్రీవిద్య లేవలేదు. అతని చేతుల్నే చూస్తూ ఉండిపోయింది.

"మళ్ళీ ప్యాక్ చెయ్యాల్సొస్తే?" అంది.

"అప్పుడు ఇంకో పెట్టె కొనుక్కుందాం," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తప్పు చేశాను విద్యా. నీకు చెప్పకపోవడం ఒక తప్పు. అమ్మని అడ్డం పెట్టుకోవడం అంతకంటే పెద్ద తప్పు. శశికళ గారింటికి వెళ్ళి నేనే చెప్తాను," అన్నాడు.

"చెప్పాలి," అంది ఆమె. క్షమించేశాను అని అనలేదు. పార మాత్రం అతని చేతికిచ్చింది.

రాజీవ్ తవ్వడం మొదలుపెట్టాడు. జీవితంలో పట్టిన పార ఏదైనా ఉంటే అది మంచు తోసే పారే. మొదటి గొయ్యి బావిలా తవ్వాడు, రెండోది పళ్ళెంలా.

"నాన్నా, టూ డీప్! మోచెయ్యి వరకు కాదు, ఇంత చాలు," అని అనిక కొలత చూపించింది. "అండ్ ముక్కు పైకి పెట్టు. లేకపోతే ఇండియాలో వస్తాయి పూలు."

చాముండేశ్వరి గారు పకపకా నవ్వారు. "అలాగైతే నేను చూడొచ్చు, నావి తలకిందులుగా పెట్టండర్రా!"

రాజీవ్ కూడా నవ్వాడు. నాలుగు రోజుల తర్వాత నవ్వాడు.

మధ్యాహ్నం మూడింటికి శశికళ వచ్చింది. చేతిలో గిన్నె ఉంది. "ఆంటీ, మీ కోసం ఉల్లిగడ్డ లేకుంట చేసిన పులిహోర. బిర్యానీకి దుకాణం ఉల్లిగడ్డలు తెప్పిచ్చిన. గవి కోస్తే మాత్రం మంచిగ ఏడిపిచ్చినయి!" అంది.

రాజీవ్ మట్టి చేతులతోనే లేచి నిలబడ్డాడు. నీళ్ళు నమలకుండా, తెలిసే ఇప్పించానని చెప్పాడు. శశికళ నవ్వు ఆగిపోయింది. అతన్ని ఎగాదిగా చూసింది.

"అన్నా, మా ఇంట్ల పదిమంది తినేటోళ్ళు. మంచిగ తిట్టాలె నిన్ను. ఇయ్యాల చుట్టాలున్నరు, రేపొచ్చి తీరుబడిగ తిడ్త," అంది.

"రండి. ఇంట్లోనే ఉంటాను," అన్నాడు రాజీవ్, తల వంచుకుని.

ఆమె కోపం అక్కడితో సగం దిగింది. అనిక పక్కన వంగి, గోతిలో గడ్డ వంక చూసింది. "ఏప్రిల్లనా పూసేది? మన ఉగాది ప్రోగ్రాం కూడా అప్పుడే. బేటా, నీ పేరు ఇంకా ఖాళీగనే పెట్టిన. ఏమంటవ్?"

అనిక నోరు తెరిచింది. "ఉంటా..." అని ఆగిపోయింది. తండ్రి వైపు చూసింది.

శ్రీవిద్య చేతిలో గడ్డ అలాగే ఉండిపోయింది. చాముండేశ్వరి గారు మట్టి కప్పడం ఆపేశారు.

రాజీవ్ ప్యాంటుకి చేతులు తుడుచుకున్నాడు.

"రాసుకోండి," అన్నాడు. "ప్రాక్టీస్ ఏ రోజుల్లో? నేను దింపుతాను."

ఆరు నెలల తర్వాతి సంగతి గురించి అతను ఒక ప్రశ్న అడగడం పదమూడేళ్ళలో శ్రీవిద్య వినలేదు. పొద్దుటినుంచి విషానికి భయపడినప్పుడు రాని నీళ్ళు, అబద్ధం బయటపడినప్పుడు రాని నీళ్ళు, అరచెయ్యి బొబ్బెక్కినప్పుడు రాని నీళ్ళు ఒక్కసారిగా వచ్చాయి. మోచేత్తో తుడుచుకోబోతే మొహం నిండా మట్టయింది. రాజీవ్ పక్కన కూర్చుని, ఆమె చేతిలోని గడ్డ తీసుకుని గోతిలో పెట్టాడు, ముక్కు పైకి.

చాముండేశ్వరి గారు తన కళ్ళు పైటతో ఒత్తుకుని, శశికళ వైపు తిరిగారు.

"ఏమ్మా, ఈ ఉల్లిపాయలకి కన్నీళ్ళు రావన్నావు?"

"కోస్తే రాలేదు ఆంటీ," అంది శశికళ, తనూ కళ్ళు తుడుచుకుంటూ. "నాటితే ఒస్తున్నయి."